సమ్‌లీ అక్క గుండిగ కోసం నేను మొక్కిన మొక్కు

సమ్‌లీ అక్కకి ఇద్దరికి వంట చెయ్యడం రాదు. నలుగురికీ రాదు. తినేవాళ్ళు ఓ అరవై మందైనా లేకపోతే ఆమె చెయ్యి ఉప్పు డబ్బా దగ్గరే ఆగిపోతుంది. ఎంత తియ్యాలో తెలియక గాల్లో వేళ్ళాడిస్తూ నిలబడుతుంది, పాపం.

ముందే ఒక మాట. నేను చెప్పేదాంట్లో సగం నమ్మితే చాలు. మిగతా సగం నేను కూడా నమ్మను. నా పేరు జియాబ్. అంటే కోడిపిల్ల. పుట్టినప్పుడు కియ్యి కియ్యిమన్నానని మా అమ్మ పెట్టింది. అరవై దాటినా ఆ కియ్యిమనడం తగ్గలేదు, కోడిపిల్ల మాత్రం డ్రమ్ము అయింది. చదువంటారా, నాలుగో తరగతి రెండుసార్లు చదివాను. రెండు నాలుగులు ఎనిమిది కాబట్టి ఎనిమిదో తరగతి అని చెప్పుకుంటాను.

పెట్చబురి పట్నానికి ఇవతల, తాటితోపుల మధ్య, కాలవకి అటువైపు సమ్‌లీ అక్క ఇల్లు, ఇటువైపు మాది. ఆమె దగ్గర వాళ్ళమ్మ నాటి గుండిగ ఒకటి ఉంది. నా చిన్నప్పుడు వరదొస్తే మా అమ్మ నన్ను దాంట్లో కూర్చోబెట్టి గుడిదాకా తోసుకెళ్ళింది. ఇప్పుడు నేను కూర్చుంటే గుండిగే మునిగిపోతుంది. గరిటె ఎత్తగలిగిన వయసు నుంచీ ఆ గుండిగ ముందు నిలబడింది అక్క. కుర్రాళ్ళు ఆనవాయితీగా గుళ్ళో కొన్నాళ్ళు సన్యాసం పుచ్చుకున్నా, పెళ్ళిళ్ళయినా, శవాలు లేచినా చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిన్నది ఆమె చేతి తాటికాయ కూరే. లేత తాటికాయ తొడిమ దగ్గరి మెత్తటి ముక్కలు పల్చగా తరిగి, ఉప్పేసి పిసికి చేదు పోగొట్టి, కొబ్బరిపాలల్లో కారం ముద్దతో ఉడికిస్తుంది. ఆ వాసనకి శవం కూడా ఒకసారి లేచి కూర్చుందని నేను చెబుతుంటాను. లేచింది శవం కాదు, పక్కన పడుకున్న తాగుబోతు. కానీ నేను చెప్పేదే బాగుంటుంది.

అక్క పెళ్ళి చేసుకోలేదు. ఒకాయన వచ్చి అడిగాడు. ఇద్దరికి వంట ఎలా చెయ్యాలో తెలియక వద్దందని ఊరంతా చెప్పాను. అసలు కారణం వేరే ఏదో ఉండచ్చు. నా కారణం బాగుందని అందరూ దాన్నే ఉంచుకున్నారు. ఎవరైనా అడిగితే ఇప్పుడు అక్క కూడా అదే చెబుతుంది.

తర్వాత కాలం మారింది. పెళ్ళంటే చాలు, పట్నం నుంచి లారీలో బల్లలు, కుర్చీలు, వంటవాళ్ళు, పాటలు పాడే పిల్ల అన్నీ కలిపి దిగుతున్నాయి. ఇళ్ళల్లో కూడా పొయ్యి వెలిగించేవాళ్ళు లేరు. బజార్లో ప్లాస్టిక్ సంచిలో కూర పోయించుకుని, మూతికి రబ్బరు బ్యాండు చుట్టించుకుని వస్తారు. అక్క గుండిగ పెరట్లో పక్కకి ఒరిగింది. దాంట్లో కోడి కాపురం పెట్టింది.

గుండిగ ఒరిగినా చెయ్యి ఒరగదు కదా. అక్క చిన్న గిన్నెలన్నీ పొయ్యెక్కించి రోజూ వండేది, గిన్నె గిన్నె పట్టుకుని ఇంటింటికీ పంచేది. వద్దంటే పెద్దావిడ నొచ్చుకుంటుందని అందరూ రెండు చేతులతో పుచ్చుకునేవారు. ఆమె మలుపు తిరగ్గానే కుక్కకి పెట్టేవారు. మా వీధి కుక్కలంత లావు కుక్కలు పెట్చబురి మొత్తంలో లేవు. పరుగెత్తలేక మోటారుసైకిళ్ళని కూర్చునే మొరిగేవి. ఒక రోజు అక్క గరిటె మర్చిపోయి వెనక్కి తిరిగి వచ్చి, కుక్క మూతి చూసింది. మర్నాటి నుంచి గిన్నెలు పొయ్యి ఎక్కలేదు. ఒక గుడ్డు ఉడకబెట్టుకుని, అది నంజుకుని అన్నం తినేది. ఆ గుడ్డులో కూడా ఉప్పు ఎప్పుడూ తప్పే. ఎక్కువో, తక్కువో.

అలాంటి రోజుల్లో నాకు నమ్‌వాన్ ఫోన్ చేసింది. పట్నం పిల్ల, పైదేశాల వాళ్ళని సైకిళ్ళ మీద తాటితోపుల్లో తిప్పుతుంది. ఊళ్ళో ఎవరితో పని పడినా ముందు నాకే చేస్తారు. గుడి మైకు పాడైతే నన్నే పిలుస్తారు మరి. పెద్దరోడ్డు మీద హోటల్లో భోజనం పెట్టిస్తే, మీ ఇళ్ళల్లో తినేది పెట్టమని ఆ పరంగులు అడుగుతున్నారట. ఈ శనివారం సమ్‌లీ పెద్దమ్మ వండుతుందా అని అడిగింది. వాళ్ళకి నచ్చితే ప్రతి శనివారం ఇక్కడే. నచ్చకపోతే మళ్ళీ హోటలే.

నేను కాలవ గట్టు మీదికి పరుగెత్తి, "అక్కా, పరంగులొస్తున్నాయి, బోలెడు," అని అరిచాను. మా భాషలో తెల్లవాళ్ళకీ జామకాయలకీ అదే మాట. అక్క కత్తీ, ఉప్పూకారం కలిపిన పళ్ళెమూ పట్టుకుని గట్టు మీదికి వచ్చింది.

"ఏవే? పచ్చివా, పండినవా?"

"తినేవి కాదక్కా. తినడానికి వచ్చేవి."

అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కత్తి కింద పెట్టి, పెరట్లోకి నడిచి, గుండిగలోంచి కోడిని రెండు రెక్కలూ పట్టి తీసింది. కోడి నన్ను చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అక్క మట్టీ చింతపండూ వేసి గుండిగ తోముతూ కూర్చుంది. నేను ఎదురుగా కూర్చుని సాయం చేశాను, అంటే మాట్లాడాను. చివర్లో తలెత్తకుండానే అంది: "ఈ పాలి కుక్కలకి పెట్టేట్టయితే నేనింక గరిటె పట్టుకోనే." అక్క మామూలుగా శపథాలు చేసే మనిషి కాదు.

అందుకే శనివారం పొద్దున్నే వెళ్ళి తాత దగ్గర మొక్కాను. అక్క పెరట్లో స్తంభం మీద బొమ్మరిల్లంత గుడి ఉంటుంది, అందులో ఆ స్థలాన్ని కాచే తాత ఉంటాడు, ఎప్పుడో పోయిన ముసలాయన ఆత్మ. ఒక అగరొత్తి గుచ్చి, ఎర్ర సోడా మూత తీసి పీల్చుకునే పుల్ల వేసి పెట్టి, చేతులు జోడించాను. మామూలుగా అందరూ గుడ్లు మొక్కుతారు, కోరిక తీరాక తెచ్చి పెడతారు. ఇంతమంది గుడ్లు తిని తిని తాతకి మొహం మొత్తి ఉంటుందని నాకు అనిపించింది. ఏదైనా పెద్దది ఇవ్వాలి. నా దగ్గర పెద్దవి రెండే. ఒకటి నా నడుం, అది ఎవరికీ అక్కర్లేదు.

"తాతా, ఆ పరంగులు అక్క కూర తిని మళ్ళీ వస్తామంటే, నీళ్ళ పండగ దాకా నోరు విప్పను," అనేశాను.

అన్నాక నాకే కళ్ళు తిరిగాయి. నీళ్ళ పండగ వేసవి మధ్యలో, అప్పటికింకా చలిగాలులే పోలేదు. వెనక్కి తీసుకుందామని చూస్తే, అగరొత్తి బూడిద అప్పటికే రాలింది. తాత వినేశాడు. పక్కనే తాటికాయలు చెక్కుతున్న మా ఆయన కూడా విన్నాడు. ఆయన పేరు చోయ్. మా భాషలో చోయ్ అంటే ఏమీ పట్టనట్టు ఊరుకోవడం. పెట్టిన పేరుకి ఇంత కట్టుబడిన మనిషిని నేను చూడలేదు. పెళ్ళి నాడు ఒక మాట మాట్లాడాడు, తర్వాత మా మేక తప్పిపోయినప్పుడు ఒకటి. ఇద్దరి వాటా నేనే మాట్లాడుతూ వచ్చాను.

మధ్యాహ్నానికి సైకిళ్ళు వచ్చాయి. అందరూ ఎండకి ఉడికి రొయ్యల్లా ఉన్నారు. అందులో ఒకడు మరీ పొడుగు, తాటిచెట్టుకి చొక్కా తొడిగినట్టు. సైకిలు దిగాడు, దాహంతో అటూ ఇటూ చూశాడు, సరిగ్గా మొహం ఎత్తున తాత గుడి కనబడింది, అందులో ఎర్ర సోడా, పుల్లతో సహా. మర్యాదగా పుల్ల నోట్లో పెట్టుకుని సీసా అడుగు గురగురమనేదాకా లాగేశాడు.

అక్క గరిటె గాల్లో ఆగింది. "ఒసేయ్ జియాబ్," అంది నెమ్మదిగా, "తాతది తాగేశాడే."

నమ్‌వాన్ మొహం పాలిపోయింది. తాతకి కోపం వచ్చాక ఆ పెరట్లో వడ్డించడమెలా? అక్క గుండిగ మీద మూత పెట్టేసింది. ఆ పరంగులకి ఏమయిందో తెలియదు, ఏదో అయిందని మాత్రం తెలిసింది, అందరూ బడిలో పిల్లల్లా నిలబడిపోయారు. పొడుగాయన చేతిలో ఖాళీ సీసా. ఇంకో నిమిషం అలాగే ఉంటే వాళ్ళు సైకిళ్ళెక్కి హోటలుకి పోయేవాళ్ళే.

నా మొక్కు ఇంకా మొదలవ్వలేదు కదా. నోరు తెరిచాను. తాత ఈ తోపులో అన్నిటికంటే పొడుగు చెట్టెక్కి, తేనెటీగతో గొడవపడి, కింద పడి పోయాడన్నాను. అప్పటి నుంచీ ఎక్కకుండానే కాయ అందుకోగల మనిషి కోసం చూస్తున్నాడన్నాను. ఇన్నాళ్ళకి దొరికాడని పిలిచి ఆయనే సోడా ఇచ్చాడన్నాను. తేనెటీగ ఏమందో కూడా చెప్పాను. నమ్‌వాన్ మాట మాటా వాళ్ళ భాషలోకి మార్చింది. పొడుగాయన మోకాళ్ళ మీద కూర్చుని తాతకి చేతులు జోడించాడు, అలా కూర్చున్నా నాకంటే పొడుగే. అగరొత్తి తలకిందులుగా గుచ్చి వెలిగించబోయాడు. తాత నవ్వుతున్నాడని నేనన్నాను. అప్పుడు అందరూ నవ్వారు. అక్క మూత తీసింది.

కారం తగ్గించమని నమ్‌వాన్ ముందే బతిమాలింది. అక్క తగ్గిస్తానంది. కానీ ఆ చెయ్యి గుండిగనే ఎరుగును గానీ మనుషుల్ని ఎరగదు. మొదటి ముద్దకే వాళ్ళ ముక్కులు కారడం మొదలయ్యాయి. టోపీ పెట్టుకున్న ఆవిడకి కళ్ళనుంచి ధారలు. అక్క నా భుజం గిల్లింది.

"ఏడుస్తున్నారే."

"తింటున్నారక్కా."

"ఏడుస్తూ తింటున్నారు."

"చావు భోజనాల్లో మనవాళ్ళూ అలాగేగా తినేది."

పొడుగాయన మూడోసారి పళ్ళెం చాపాడు. అక్క వడ్డించి, పళ్ళెం వంక చూస్తూ అక్కడే నిలబడింది, మెతుకు మిగలకుండా అయ్యేదాకా. వీధి చివర కుక్కలు ఆశగా కూర్చున్నాయి. ఆ రోజు వాటికి దక్కింది గాలే. అయినా గుండిగలో సగం కూర మిగిలింది. వచ్చింది గుప్పెడు మంది, అక్క వండింది ఊరికి.

మర్నాడు నమ్‌వాన్ ఫోన్. ప్రతి శనివారం వస్తామంటున్నారు, వాళ్ళ స్నేహితులకి కూడా చెబుతున్నారు, అంది. నా నోరు ఠక్కున మూతబడింది. ఆ పిల్ల ఇంకా చెబుతూనే ఉంది. "ఒక్కటే అడుగుతున్నారు పెద్దమ్మా. నిన్న కబుర్లు చెప్పిన ఆవిడ పక్కన కూర్చుంటేనే తింటారట. ఆ కథలు లేకపోతే ఈ కారం దిగదంటున్నారు. ఉంటావుగా? పెద్దమ్మా? వినబడుతోందా?"

వినబడుతోంది. వినబడ్డమే మిగిలింది నాకు. మాట్లాడితే తాతకి ఇచ్చిన మాట తప్పినట్టు. తాతకి కోపం వస్తే నా మీద చూపించడు, నా దగ్గర పాడవడానికి ఏముంది? అక్క గుండిగ మీద చూపిస్తాడు. మాట్లాడకపోతే పరంగులు రారు. ఎటు చూసినా కోడి తిరిగి కాపురానికొస్తుంది.

కాలవ దాటి అక్క దగ్గరికి పరుగెత్తి చేతులు తిప్పాను. ఆకాశం చూపించాను, గుడి చూపించాను, నోరు చూపించాను. నేను నోరు మూసుకుని ఉండటం అక్క పుట్టాక చూడలేదు. పక్షవాతం అనుకుంది. నన్ను కూలేసి, ముక్కుల్లో ఘాటు తైలం కుక్కింది, చెయ్యెత్తమంది, కాలెత్తమంది, నాలుక పట్టుకు లాగింది. నేను ఉక్కిరిబిక్కిరవుతుంటే గుమ్మంలోంచి మా ఆయన గొంతు వినబడింది.

"మొక్కుకుంది."

మేక తర్వాత ఆయన మాట్లాడిన మాట అదే. అది సరిపోయింది. అక్క తైలం సీసా మూత బిగించి నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను.

"నా కోసమా?" అంది.

తలూపాను. ఆమె కొంగుతో నా ముక్కు తుడిచింది, తైలం ఎక్కువైనందుకు. ఉన్నట్టుండి అంది: "పట్నం గుళ్ళో నాట్యం మొక్కుకున్న వాళ్ళు తామే ఆడుతున్నారటే? ఆటకత్తెల్ని పెట్టి ఆడిస్తున్నారు, దేవుళ్ళు ఒప్పుకోట్లా? నోరు మూసుకోడానికీ మనిషిని పెడదాం."

ఎవరిని అని నేను కళ్ళతోనే అడిగాను. ఇద్దరం గుమ్మం వైపు తిరిగాం. మా ఆయన తలెత్తాడు, దించాడు. ఆయన ఒప్పుకోవడమూ అంతే, కాదనడమూ అంతే. మేం ఒప్పుకోవడం కిందే తీసుకున్నాం.

తాత ముందు ముగ్గురం మోకరించాం. అక్క అగరొత్తి గుచ్చి, కూరగాయల బేరం ఆడినట్టు మాట్లాడింది: "తాతా, ఈ పిచ్చిది మొక్కిన మొక్కు దీని మొగుడు తీరుస్తాడు. వీడి మౌనం దీని మౌనం కంటే మేలు రకం. నిఖార్సయింది. నువ్వే చూశావుగా ఇన్నేళ్ళూ." తాత ఏమీ అనలేదు. నేను నోరు విప్పాను. ముక్కు మంట గురించి మొదలుపెట్టి సాయంత్రం దాకా ఆపలేదు.

బేరం భలే లాభమని నవ్వుకున్నాను. ఎలాగూ మాట్లాడని మనిషి, పోయేదేముంది? అక్కడే దెబ్బతిన్నాను. ఇన్నాళ్ళూ నోట్లో నాలుక ఉందో లేదో తెలియని మనిషికి, మాట్లాడకూడదనేసరికి లోకంలో సంగతులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అన్నం తింటూ ఉలిక్కిపడి వేలెత్తుతాడు. పక్కింటి వాళ్ళ గొడవ చేతులతో మొత్తం ఆడి చూపిస్తాడు, మొగుడూ ఆయనే పెళ్ళామూ ఆయనే. వాళ్ళ గొడవ నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. ఇన్నేళ్ళు ఇంత సరుకు లోపల పెట్టుకుని నాకు ఒక్క ముక్క ఇవ్వలేదే అని నా కడుపు రగిలిపోయింది.

శనివారాలు వచ్చాయి. అక్క వడ్డించేది, నేను కథ ఎత్తుకునేదాన్ని, నమ్‌వాన్ మార్చి చెప్పేది. రెండో శనివారమో మూడోదో, పరంగులు నా వంక కాకుండా నా భుజం మీంచి చూస్తున్నారని గమనించాను. నమ్‌వాన్ నోరు తెరవకముందే నవ్వుతున్నారు. నేను ఇంకా తాతని చెట్టెక్కిస్తూనే ఉన్నాను, వాళ్ళు అప్పటికే పొట్టలు పట్టుకుంటున్నారు. తిరిగి చూస్తే మా ఆయన తాటికాయలు చెక్కుతున్నాడు, గుంజలాగా. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ నవ్వులు. ఈసారి టక్కున తిరిగాను. తాత చెట్టు మీంచి జారుతున్నాడు, ఒక చేత్తో పంచె పట్టుకుని, ఇంకో చేత్తో తేనెటీగని తోలుతూ. అంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేదు. తేనెటీగ మొహం కూడా కనబడింది.

ఆ తర్వాత వారం కొత్తగా వచ్చిన వాళ్ళు సైకిళ్ళు దిగుతూనే, మాటలు లేని పెద్దాయన ఎక్కడని అడిగారు. మాటలున్న పెద్దావిడని ఎవరూ అడగలేదు. నేను అన్నం వడ్డించాను.

ఆయన్ని చూడ్డానికి ఊళ్ళోవాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. ఊరికే నిలబడి చూస్తే బాగోదని పళ్ళేలు తెచ్చుకున్నారు. పళ్ళెం తెచ్చాక ఖాళీగా పట్టుకుంటే బాగోదని కూర వేయించుకున్నారు. ఒకాయన వంతు దాటి ముందుకొస్తే, వాళ్ళావిడే వెనక్కి లాగింది, పరంగుల ముందు పరువు తీస్తావా అని. కుక్కలు చిక్కిపోయి మళ్ళీ పరుగెత్తుతున్నాయి.

నీళ్ళ పండగ నాటికి పెరడు నిండిపోయింది. అందరి మొహాలకీ పండగ నాడు పూసుకునే తెల్ల పిండి, ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుని ఒళ్ళంతా తడి. పొడుగాయన కూడా మళ్ళీ వచ్చాడు, తాతకి ఎర్ర సోడాలు ఒక డజను పట్టుకుని. నేను రివాజు ప్రకారం ఒక ఉడికిన గుడ్డు తాత ముందు పెట్టి, మొక్కు తీరింది, మావాడిని వదిలెయ్యమని దణ్ణం పెట్టాను. అగరొత్తి కొసదాకా కాలింది. అందరూ మా ఆయన వైపు తిరిగారు. ఇన్నాళ్ళు కట్టేసిన నోరు, మొదటి మాట ఏమొస్తుందా అని పిల్లలు కూడా నీళ్ళు చల్లడం ఆపారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"తాత చెట్టెక్కలేదు," అన్నాడు. "ఆయనకి చెట్లంటే భయం. జ్వరంతో పోయాడు."

నమ్‌వాన్ అది కూడా మార్చి చెప్పింది, మానెయ్యచ్చుగా. పెరడంతా నా వంక చూసింది. నేను తడిశాను కాబట్టి ఏది చెమటో ఎవరికీ తెలియలేదు. ఆయన అక్కడితో ఆపితే బాగుండేది. ఆపలేదు. తాత చేపలు ఎలా పట్టేవాడో చెప్పాడు, మా మేక అసలు ఎక్కడికి పోయిందో చెప్పాడు, మా పెళ్ళి నాడు నేను ఏం వాగానో చెప్పాడు. మధ్యలో దూరుదామని నాలుగైదుసార్లు నోరు తెరిచాను. సందు దొరకలేదు.

ఆ గోలలో గరిటె గుండిగ అడుగుని గీరిన చప్పుడు వినబడింది. అక్క వంగి లోపలికి చూసింది. చెయ్యి పెట్టి తడిమింది. తలెత్తి, ఎవరితోనూ కాకుండా, అందరితోనూ అన్నట్టు అంది:

"కూర అయిపోయింది."

ఆమె జీవితంలో ఆ మాట అనడం నేను వినలేదు. పెళ్ళిళ్ళ రోజుల్లో కూడా అడుగున ఇంతో అంతో ఉండేది. మళ్ళీ అంది, ఈసారి గట్టిగా, కాలవకి అవతల వాళ్ళకి కూడా తెలియాలన్నట్టు. పరంగులు అర్థం తెలియకపోయినా చప్పట్లు కొట్టారు. ఊళ్ళోవాళ్ళు అర్థం తెలిసే కొట్టారు.

అక్క ఇంకా తినలేదని నాకే గుర్తొచ్చింది. ఇంట్లో అన్నం తప్ప ఏమీ లేదు. నేను తాత దగ్గరికి వెళ్ళి, నువ్వు తినడం అయిపోయి ఉంటే మిగిలింది మేం పుచ్చుకుంటామని చేతులు జోడించి, గుడ్డు తెచ్చి వలిచి అక్క పళ్ళెంలో పెట్టాను. ఆమె గుండిగ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. గుడ్డు రెండు చెక్కలు చేసి, ఉప్పు డబ్బా మూత తీసి, వేళ్ళు గాల్లో పెట్టి ఆగింది. ఒక్క గుడ్డుకి ఎంత వెయ్యాలో ఆమెకి ఇప్పటికీ తెలియదు. చిటికెడు చాలక్కా అని చెప్పబోయాను గానీ, మా ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.